శబ్దం తీసేసి చూసిన లెక్కలు

ఆషాఢం, గురువారం. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు. పొద్దున మగ్గానికి కొత్త పడుగు అతికాను.

సుజాతా, నువ్వు పోయి నేటికి ఏడాది. మన గౌరి ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. లెక్కలు వదిలేసి సులువైన సబ్జెక్టు తీసుకోమని పెనుకొండ సెంటర్లో సార్లు చెప్పారు. అది ఒప్పుకోలేదు. ఆన్‌లైన్ కోర్సు వెతికే పని నాకు పడింది. నేను బడికి పోయింది ఐదు వరకే కదా, ఏది మంచిదో నాకేం తెలుసు? అందుకని ఫోనులో శబ్దం తీసేసి ఒక్కో సారు పాఠం చూశాను. చాలామంది బోర్డువైపు తిరిగి మాట్లాడతారు. వినపడక, పెదవులు చూసి మాట తెలుసుకునే పిల్లకు వాళ్లు పనికిరారు. నాలుగో రోజు ఒకాయన దొరికాడు. రాయడం ఆపి, మనవైపు తిరిగాకే నోరు తెరుస్తాడు.

గౌరి చూసి, "ఈయప్ప చెప్పేదంతా తెలుస్తాండాది నాయనా" అంది.

"అయితే ఇదే కడదాం" అన్నాను.

"ఏమంటివి? నీ మీసమే అడ్డమొస్తాండాది. అమ్మ ఉన్నప్పుడు నీ మాటలన్నీ అమ్మే కదా నాకు చెప్తా ఉండె!"

ఈ ఏడాదంతా నేను చెప్పినవాటికి తల ఊపింది. ఎన్ని అందాయో అడగలేకపోయాను. ఇప్పుడు కత్తెర పట్టుకుని ఎదురుగా నిలబడింది. "రాసింది సాలు, మొగమెత్తు" అంటోంది. నీకింకా చెప్పాల్సింది...