అద్దెకు దిగబోయే ఆవిడ కోసం రంగులు

జనవరి 19, ఆదివారం

మా ఇంట్లో నాకు ఇంకో పేరుంది. కుదురులేనిది. మెహర్ అన్న పేరు ఆధార్ కార్డు వరకే. ఇవాళ అన్నం దగ్గర కూడా అమ్మ అదే పాట. దీని కాళ్ళకి చక్రాలున్నాయి, ఎక్కడా నిలవదు అంది. నాన్న నవ్వి పెరుగు కలుపుకున్నాడు.

రెండు ఉద్యోగాలు మానేసినందుకు వచ్చిన బిరుదు ఇది. ఎందుకు మానేశావని ఒక్కరూ అడగలేదు. మొదటిది చీరాలలో బట్టల షాపు. ఓనరు బిల్లింగ్ కౌంటర్ వెనక చేరి నా మెడ మీద ఊపిరి వదిలేవాడు. రెండోచోట జీతం అడిగితే నువ్వు ట్రైనింగ్‌లో ఉన్నావమ్మా అనేవారు. నేను కుదురులేనిదాన్ని కాను. చూసి, అర్థం చేసుకుని, లేచి వచ్చేదాన్ని. రెండూ ఒకటి కాదు.

సరే, అసలు సంగతి. తాడేపల్లిలో ఇంటీరియర్స్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కలర్ కన్సల్టెంట్, ట్రైనీ. ఫిబ్రవరి పదో తేదీ జాయినింగ్. ఆన్‌లైన్‌లో కలర్ సైకాలజీ కోర్సు చేస్తున్నన్నాళ్ళూ పిచ్చి గోడలకా నీకా అని వెక్కిరించిన నాన్న, మెయిల్ చదివి వినిపిస్తే, వెళ్దువుగానిలే అన్నాడు.

అంతే. అరవలేదు. ఎక్కడుంటావని అడగలేదు. మా నాన్న పేరు నన్నే సాహెబ్, పర్చూరులో ఆయన పరుపుల షాపు తెలిసిన ప్రతివాడికీ తెలుసు, దిండు గలేబు గుడ్డ కొన్నా అరగంట బేరమాడే మనిషి. అలాంటిది నన్ను బేరం లేకుండా వదిలేశాడు.

నాకు నచ్చలేదు.

జనవరి 21, మంగళవారం

బేరం ఇవాళ బయటపడింది. మేడ మీద కొత్తగా వేసిన గది అద్దెకిస్తారట. రంగులు నన్ను చెప్పమన్నాడు. ఆ చదివిన చదువేదో ముందు మనింటి మీద చూపించు, తర్వాత ఊళ్ళోవాళ్ళ గోడలు చూద్దువుగాని అన్నాడు.

దిగేది మొగుడూ పెళ్ళాం. ఆయనకి బ్యాంకులో ఉద్యోగం. ఏ బ్యాంకు అన్నాను. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ, ఏదో బ్యాంకులేవే అంది. పర్చూరులో ఏదో బ్యాంకు ఏమిటి? ఉన్నవన్నీ వేళ్ళ మీద చెప్పొచ్చు.

అయినా ఒప్పుకున్నాను. ఇది నా మొదటి గది. ఫొటోలు తీసి కంపెనీలో చూపించుకోవచ్చు.

జనవరి 22, బుధవారం

రంగు గోడకి కాదు, మనిషికి వేయాలి అని కోర్సులో మొదటి పాఠం. అందుకని క్లయింట్‌ని ప్రశ్నలడగాలి. ఎలా నిద్రపోతారు, దేనికి చిరాకు పడతారు, ఇంట్లో ఎక్కడ ఎక్కువసేపు నిలబడతారు. ఆవిడతో ఫోన్లో మాట్లాడింది అమ్మ కాబట్టి అమ్మనే కూర్చోబెట్టాను.

ఆయన నెమ్మదస్తుడట. రోజంతా దుమ్ములో నిలబడి సాయంత్రానికి అలిసిపోయి వస్తాడట. బ్యాంకులో దుమ్మేంటమ్మా అన్నాను. లోన్లిచ్చేవాడు పొలాలెంట తిరగడా ఏంటే, అన్నీ కంప్యూటర్లోనే కనపడతయ్యా అని గద్దించింది.

ఇక ఆవిడ. చదువుకుందట. ముక్కు మీద కోపమట. నలుగురిలో కూర్చున్నా ఒక్కతే ఉన్నట్టు ఉంటుందట. కిటికీ దగ్గర నిలబడి పోయే బస్సుల్ని చూస్తుందట. పెద్దవాళ్ళు ఏం చెప్పినా ముందు కాదని, తర్వాత వింటుందట. ఒక్క ఫోన్‌కాల్‌లో ఇన్ని చెప్పుకుందా? అదీ ఇల్లుగలావిడకి? అడిగితే అమ్మ, ఆడవాళ్ళం ఎన్నో చెప్పుకుంటాం, నీకేం తెలుసు అంది.

నిజం చెప్పాలంటే ఆ మనిషి మీద జాలేసింది. కొంచెం చులకన కూడా. బస్సులు చూసేదానివి ఒకటెక్కి పోరాదా అనుకున్నాను.

అలాంటివాళ్ళకి ఎరుపు, పసుపు పనికిరావు, ఉసిగొల్పుతాయి. నీలం అందరూ చల్లదనం అంటారు గానీ చిన్న గదిలో అది దూరాన్ని గుర్తుచేస్తుంది, ఇంకా ఎక్కడికో పోవాలనిపిస్తుంది. బూడిద కలిసిన లేత ఆకుపచ్చ, సేజ్ గ్రీన్, మూడు గోడలకి. మంచం తల వైపు గోడకి మాత్రం ఆరిన పొగాకు రంగు. వీపు వెనక బరువుంటే మనిషి ఒదుగుతుంది. ట్యూబ్‌లైట్ తీసేసి పసుపు బల్బులు. రోడ్డు వైపు కిటికీకి అడ్డంగా బీరువా పెట్టించమన్నాను. తూర్పు కిటికీ చాలు, అక్కడ్నుంచి పత్తి చేను తప్ప ఏమీ కనపడదు.

అమ్మ ఎప్పుడూ నా మాట ఇంత శ్రద్ధగా విన్లేదు. ఇట్లా చేస్తే కుదురుకుంటుందంటావా అంది. ఖాయంగా అన్నాను.

జనవరి 25, శనివారం

చెప్పిన కంపెనీ, చెప్పిన షేడ్, అన్నిటికంటే ఖరీదైన రకం పెయింటు తెచ్చాడు నాన్న. తిట్టకుండా.

జనవరి 29, బుధవారం

షేడ్ కార్డు మీద చూసిన రంగు గోడ మీద లేదు. పొద్దున బాగానే ఉంటోంది. మధ్యాహ్నానికి పక్క స్థలంలో ఆరబోసిన మిరపకాయల మీంచి ఎర్రటి వెలుగు లేచి గోడ మీద పడుతోంది. ఆకుపచ్చ కాస్తా మట్టిరంగుకి తిరుగుతోంది. మిరప సీజన్లో ఈ ఊళ్ళో ఏ షేడ్ కార్డూ నిజం చెప్పదు. రెండో కోటుకి ఇంకొంచెం పచ్చదనం కలిపించాను. ఇప్పుడు కుదిరింది. అందంగా ఉంది. నేనే అనుకోవాలి, ఇంకెవరూ అనరు కాబట్టి.

పెయింటర్ పీరు నోరు ఊరుకోదు. అద్దెవాళ్ళని మేకు కూడా కొట్టనీరమ్మాయ్, మీ నాన్నేమో ఏసీకి పాయింటు పెట్టించాడు, మూడో కోటు కూడా వెయ్యమంటున్నాడు, ఎవురమ్మా ఆ మారాజులు అన్నాడు. బ్యాంకువాళ్ళు అన్నాను. బ్యాంకువాళ్ళా అని నా మొహంలోకి చూశాడు. ఇక నవ్వాపుకోలేక, బీడీ తాగొస్తానని నిచ్చెన దిగిపోయాడు.

ఊళ్ళో అందరికీ తెలిసినదేదో నాకు తెలియడం లేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

షాపుకి సెలవు. వెనక షెడ్డులోంచి దూది ఏకే మిషన్ చప్పుడు. వెళ్ళి చూస్తే నాన్న ఒక్కడే, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. బూరుగు దూది. పక్కన డబుల్ కాట్ కొలత గుడ్డ, కుట్టి సిద్ధంగా.

మా నాన్న ఇప్పుడు అమ్మేదంతా ఫోము, కొబ్బరి పీచు. దూది పరుపు అడిగితే పనివాళ్ళకి అప్పగిస్తాడు. ఆ దుమ్ముకి ఆయాసం వస్తోందని డాక్టరు మిషన్ దగ్గరికే పోవద్దన్నాడు. తన చేత్తో తను నింపేది ఒక్కటే. మా కుటుంబంలో పెళ్ళికి పరుపు ఇంటి పెద్ద నింపాలి, పరాయి చెయ్యి పడకూడదు. పిన్ని పెళ్ళికి అలాగే నింపాడు. నేను చిన్నప్పుడు ఆ దూదిలో దూకి దెబ్బలు తిన్నాను.

ఎవరిది నాన్నా అన్నాను. ఆర్డరు అన్నాడు. దగ్గు తెర వచ్చింది. తగ్గాక కూడా నా వైపు తిరగలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం, మధ్యాహ్నం 3

రంగు వాసన పోయిందో లేదో చూద్దామని పైకి వెళ్ళాను. బీరువా అప్పుడే వచ్చింది, నేను చెప్పినచోటే. రోడ్డు కనపడదు. బస్సు హారన్ కూడా ఎక్కడో దూరంగా వినపడుతోంది. నేల మీద చాప వేసుకుని పొగాకు రంగు గోడకి ఆనుకున్నాను. అంతే గుర్తుంది. లేచేసరికి రెండు గంటలు గడిచాయి. పగలు నిద్రపోవడం నాకు జ్వరంలో తప్ప తెలీదు.

పనిచేస్తోంది.

నా పని నా మీదే ఇంత బాగా ఎందుకు చేస్తోంది? ఆవిడ కోసం కదా వేయించింది.

కోపం, చదువు, కిటికీ, బస్సులు. అమ్మ చెప్పినవి రాసుకున్న పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను.

ఫిబ్రవరి 5, బుధవారం, ఉదయం 11

ఒంగోలు నుంచి అస్లాం వచ్చాడు. మేనమామ కొడుకు. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. రోజంతా దుమ్ములో నిలబడతాడు. నెమ్మదస్తుడు.

అమ్మ టీ పెట్టే వంకతో కిందే ఆగిపోయింది. గది చూపించమని నన్ను పంపింది. బావ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, గోడ తాకి చూసి, చల్లగా ఉంది మెహర్ అన్నాడు. తర్వాత సిగ్గుపడుతూ ఇంకో మాట అన్నాడు. నాకు దుమ్ము పడదని, అలిసిపోయి వస్తానని ఆలోచించి మరీ రంగులు ఎంచావంట, అత్త చెప్పింది, ఇంతవరకు నా గురించి ఎవరూ ఇంత ఆలోచించలేదు అన్నాడు.

ఈ పెళ్ళికి నేను ఒప్పుకున్నానని నీకెవరు చెప్పారు బావా అన్నాను.

అతను చెయ్యి గోడ మీంచి తీసేశాడు. రంగులన్నీ నువ్వే చెప్పావుగా అన్నాడు. పదహారో తేదీ నిఖా అని, రంజాన్ నెల రాకముందే అయిపోవాలన్నారని, తను ఇల్లరికం వచ్చి షాపు చూసుకోవాలన్నారని, ఉద్యోగానికి రాజీనామా కాయితం రాసి జేబులో పెట్టుకున్నానని, అన్నీ వరసగా చెప్పాడు. దొంగ కాడు. అతన్నీ మోసం చేశారు. ఆ కాయితం ఇవ్వొద్దన్నాను. తలూపాడు. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

అరిచాను. ముక్కు మీద కోపమని ఎలాగూ పేరుంది.

నాన్న అరవలేదు. నోటితో అడిగితే కస్సుమంటావు, అందుకే రంగులతో అడిగాం అన్నాడు. ఎంత తెలివిగా చేశామో అన్నట్టు చెప్పాడు. మీ అమ్మకి ఫోన్లో వచ్చే వీడియోల్లో చెప్పారు, మనిషి ఏ రంగు ఎంచుకుంటే మనసులో అదే ఉంటదంట, నువ్వు కాపరం చేసుకునే రంగులు ఎంచావు అన్నాడు. అవి నేను వేరే మనిషి కోసం ఎంచాను నాన్నా అంటే, వేరే మనిషి ఏడుందే అని అమ్మ మధ్యలోకొచ్చింది. నేను చెప్పిన దాంట్లో ఒక్కటైనా అబద్ధం ఉంటే చెప్పు, నిన్ను నువ్వే గుర్తుపట్టలేదు, ఇంక నీ కుదురేందో నీకేం తెలుసు అంది.

గుర్తుపట్టలేదు. నిజమే. జాలిపడ్డాను, చులకన చేశాను, కిటికీ కూడా మూయించాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నాన్న దగ్గు రాత్రంతా వినపడిందని అమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. ఆ ఊపిరితిత్తులతో ఇంకెన్నాళ్ళు చేస్తాడు షాపు, కొడుకు లేడు, నువ్వు చూస్తే ఇట్లా అంది. ఇదంతా నిజం. నిజమని తెలిసే చెబుతోంది.

షాపుకి అస్లాం కావాలంటే అస్లాంని పెట్టుకోండి, మధ్యలో నేనెందుకన్నాను. నాన్న మంచం మీంచి, వట్టి మేనల్లుడు పైజీతం ఎవరిస్తే వాడి దగ్గరికి పోతాడు, పెళ్ళాం ఉన్నచోటే మగాడుంటాడు అన్నాడు. అంటే ఆ గది నన్ను పట్టి ఉంచడానికి, నేను అతన్ని పట్టి ఉంచడానికి. ఒక గోడకి ఇంకో గోడ.

మధ్యాహ్నం కంపెనీ హెచ్.ఆర్. దీప్తి గారు ఫోన్ చేశారు. సోమవారం వస్తున్నారు కదండీ అన్నారు. నా వెనక అమ్మ, ఒక నెల ఆగమని అడుగు, నెలకేమవుద్ది, వచ్చే నెల నేనే బస్సెక్కిస్తా అని గుసగుస.

ఆ గదిలో నెల రోజులు. నేనే వేయించిన రంగుల్లో. పగలే రెండు గంటలు నిద్రపోయినదాన్ని.

వస్తున్నానండీ అన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

అమ్మ మాట్లాడటం లేదు. నాన్న మాట్లాడుతున్నాడు, గోడతో.

గది ఫొటోలు తీసుకున్నాను. నా పనే కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం 6

నిఖాకి నేను ఒప్పుకోలేదు. ఈ మాట నాన్న ఎదురుగా ఒకసారి, అమ్మ ఎదురుగా ఒకసారి, ఫోన్లో మామతో ఒకసారి నోటితో చెప్పాను. ఏడింటి బస్సుకి తాడేపల్లి వెళ్తున్నాను.