ఆషాఢంలో కదలని ఫోను

నల్లబోయనపల్లి సెక్షను విద్యుత్ సహాయక ఇంజనీరు గారి సముఖమునకు, అదే ఊరి చీనీ (బత్తాయి) రైతు ఎర్రిస్వామి రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తాళం వేసిన పాత ఆఫీసులో మోగుచున్న ఫోనును కొత్త ఆఫీసుకు తెప్పించుట గురించి.

1. మా ట్రాన్స్‌ఫార్మరు కాలి నేటికి పదకొండు దినములు. బోరు ఆగింది. తొమ్మిదేండ్లుగా పెంచిన రెండు వందల చీనీ చెట్లు ఆకు ముడుచుకున్నాయి. నా భార్య నాగలక్ష్మమ్మ తమ ఫిర్యాదుల నంబరుకు రోజూ చేస్తూనే ఉంది. మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

2. స్వయంగా తమ కొత్త ఆఫీసుకు వచ్చితిని. ఫిర్యాదు నోటిమాటగా తీసుకోరాదనీ, ఫోను ద్వారానే రావలెననీ గుమాస్తా రామప్ప గారు సెలవిచ్చారు. వారి ఎదుటే నిలబడి ఫోను చేసితిని. రోడ్డుకు అవతల పాత ఆఫీసులో మోగింది. ఇద్దరమూ విన్నాము.

"ఇన్నావు కదప్పా, మోగుతాండాది. లైను బాగుండాది, ఇంకేం కావల్ల?" అన్నారు.

3. ఈ ఇంటర్నెట్ ఫోను అమర్చిన జాయ్ గారిని అడిగితిని. మా సెల్‌ఫోను పిలుపు ముందు గేట్‌వేకు చేరుతుందట. అది ఇంటర్నెట్‌కు అర్థమయ్యేట్టు మార్చి ప్రాక్సీకి అప్పగిస్తుందట. ప్రాక్సీ ఆ ఫోను ఎక్కడుందో రిజిస్టరులో చూసి అక్కడికే పంపుతుందట. ఎవరైనా ఎత్తిన తరువాతే మాట నడిచేది. ఆ ఫోను గంటకొకసారి 'ఇక్కడే ఉన్నాను' అని రిజిస్టరులో చెప్పుకుంటుందట. తమ ఆఫీసు మొత్తంలో సక్రమంగా హాజరు వేయించుకునేది అదొక్కటే. దాన్ని ఊడదీసి కొత్త ఆఫీసులో తగిలిస్తే అక్కడినుంచి చెప్పుకుంటుందట, పిలుపులూ అక్కడికే వస్తాయట. అయిదు నిమిషాల పని.

4. కూలరు, బీరువా, తమ కుర్చీ జ్యేష్ఠంలోనే రోడ్డు దాటినవి. ఫోనును మరిచారు. ఇంతలో ఆషాఢం వచ్చింది గనుక శ్రావణంలో మంచిరోజు చూసి కదిలిస్తామని రామప్ప గారు చెప్పుచున్నారు. చెట్లు శ్రావణం దాకా ఆగవు.

కావున తమరు కుర్చీలోంచి లేచి, రోడ్డు దాటి, ఆ ఫోనును చంకన పెట్టుకుని రావలెను. అంత శ్రమ తమకు అలవాటు లేదని ఎరుగుదును. అయినను చిత్తగించవలెను.

వేరే దారిలేక తమ విధేయుడు,
ఎర్రిస్వామి

తా.క.: ఇది ఇవ్వడానికి వస్తుంటే పాత ఆఫీసులో మళ్లీ మోగింది. ఓర్వలేక కిటికీ చువ్వ వంచి, చెయ్యి పెట్టి ఎత్తినాను. అవతల నాగలక్ష్మమ్మ. "సార్, పదకొండు దినాలాయ. చెట్లు సచ్చిపోతాండాయి. ఎవురన్నా రాండి సార్," అనింది. నేనని చెప్పలేదు. "రాసుకున్నామమ్మా," అని పెట్టేసినాను.