ఎర్రరంగు వేయని వారం

1958, ఆషాఢం, మంగళవారం

అక్క, బావ చంటోన్ని ఎత్తుకొని హైద్రాబాద్ బస్సెక్కిన్రు. పేగుల పేగు చొచ్చింది, కడుపు కోసి సరిచేయాలె, అది ఇక్కడ కాదు అని కరీంనగర్ డాక్టరు చెప్పిండు. బతుకుతడా అంటే, "ముందుగాల బస్సెక్కుండ్రి" అన్నడు.

పోరనికి పది నెలలు. నిన్న పొద్దుగాల్నుంచి ఉండుండి కాళ్లు కడుపుల ముడుచుకొని ఒర్రుడు, మళ్ల కొంచెంసేపు పీనుగోలె పడుండుడు. మధ్యాహ్నం ఎర్రగ, జిగటగ దొడ్డికి పోయిండు. అక్క ఆ గుడ్డను నేను నూలుకు రంగు వేసే కొట్టంకు పట్టుకచ్చింది.

"జర చూడు తమ్మీ, రంగుల సంగతి నీకెరుక."

రంగు వేసేటోల్ల ఇండ్లల్ల పోరలు నూలు చీకుతరు, ఏ రంగు చీకితే ఆ రంగే పోతరు. అందరికీ తెలిసిందే. నేను రంగు కాగు మీదికెల్లి తల సుత తిప్పకుంట, "నూలు చీకిండక్కా, ఫికర్ చెయ్యకు" అన్న. పక్కన నూలు చుడుతున్న మా అవ్వ నా దిక్కు చూసి నవ్వింది. "వీడైతే చిన్నప్పుడు వారం దినాలు ఆకుపచ్చగ పోయిండు."

ఇయ్యాల డాక్టరు అడిగిండు, "ఇంట్ల ఏం రంగు వేస్తున్నరు?"

పది దినాల సంది కాగుల నీలమే. కొట్టంల ఎర్ర పోగు ఒక్కటి లేదు. వేసేటోన్ని నేనే, నాకు తెల్వదా? ఎవడన్న కాంపౌండరు చూడకుంటనే గిట్ల చెప్పుంటే వాని గల్లా పట్టేటోన్ని.

నిన్ననే తెస్తే బాగుండు అన్నడు డాక్టరు. అక్క ఇన్నది. బస్సెక్కుతూ నా దిక్కు చూసి, "అన్నం గంజుల ఉన్నది, తిను తమ్మీ" అన్నది. ఒక్క మాట తిట్టలే.

గంజు మూత ఇంకా తియ్యలే.