అద్దంలాంటి రాతి మీద పచ్చడి

చీమకుర్తి

మాబూబీకి,

ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఇక్కడి రాళ్ల మిషన్ల రొదలో ఫోనులో నీ కేకలే నాకు వినపడవు, ఇక నా మాట నీకేం వినపడుతుంది?

మన సాజిదాకి వేవిళ్లు తగ్గలేదు. నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. మిక్సీ పచ్చడి వాసన పడదు, రాతి మీద నూరిందే కావాలంది. ఊరంతా రాళ్లే, నూరడానికి మాత్రం ఒక్కటీ లేదు! అల్లుడు అనీస్ తన ఫ్యాక్టరీలో ఓ నల్లరాతి ముక్కకి పాలిష్ పట్టించి మరీ తెచ్చాడు. అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. మిరపకాయలు మాత్రం జారి నా ఒళ్లో పడ్డాయి. పక్కింటి ఇమ్మానియేలు ఒకప్పుడు రోళ్లకు గాట్లు కొట్టినవాడు. "ఏందయ్యా బాషా, అద్దం మీద పచ్చడి నూరతన్నావా?" అని నవ్వి, ఉలి తెచ్చి కూర్చున్నాడు.

"మామా, పాలిష్‌కే మూడు గంటలు పట్టింది" అని అనీస్ ఒకటే గోల.

మన దర్శి మిరపకాయలు, చింతపండు బస్సులో పంపు. మేక ఈనిందా? మోకాలికి నూనె రాస్తున్నావా, టీవీ ముందే కూర్చుంటున్నావా? అల్లా నిన్ను చల్లగా చూడాలి.

ఇది రాస్తుండగా సాజిదా ఆ గాట్ల రాతి మీద నూరిన గోంగూర పచ్చడితో రెండు ముద్దలు తిని, కంచం కడిగి బోర్లించింది.

జాన్ బాషా