కడిగేసిన అంబలి కుండ

1974 ఆగస్టు 19, సోమవారం రాత్రి

అత్తమ్మ పోయి ఇవాళ పదకొండో రోజు. పిట్టకు పెట్టడానికి ఆమెకిష్టమైన జొన్న అంబలి కాచి ఆకులో పోశాను. కాకి దగ్గరికి కూడా రాలేదు.

ఆమె అంబలి కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేసేది కాదు. అడుగున కొంత పులుపు ఉంచి, దానిమీదే కొత్తది పోసేది. మా ఆయన ఉద్యోగానికి ఇచ్చిన ఈ క్వార్టర్లోకి మారాక, పక్కవాళ్లకు వాసన వస్తుందని నేనే దాన్ని బూడిదతో తోమేశాను. తర్వాత ఆమెకు కడుపు పాడైనప్పుడల్లా, ఆయనకు పుండు మానడానికి దవాఖానలో ఇవ్వగా మిగిలిన గోలీలు వేశాను.

పోయే ముందు రోజు డాక్టరు అడిగాడు: "గిన్ని గోలీలెందుకు మింగిచ్చినవమ్మా? కడుపుల మనకు మేలుచేసే క్రిములు గూడ ఉంటయి. అవన్ని సచ్చినయి. పులిసిన అంబలన్న ఆపకపోతే బాగుండు."

ఈ మాట ఆయనకు ఇంకా చెప్పలేదు. ఎట్లా చెప్పను?

చివరికి కమాన్‌పూర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ తన చెంబులోని అంబలి ఆకులో పోసింది. "అమ్మ కుండల పులుపే వదినా, నా పెండ్లప్పుడు పెట్టిచ్చింది. గప్పటిసంది కుండ ఖాళీ చెయ్యలే" అంది. కాకి వెంటనే వాలింది.

చెంబులో మిగిలింది మా కుండలో పోశాను. రేపటికి పులుస్తుంది. "బిడ్డా, ఇంత పుల్లటంబలి పొయ్యవే" అని అత్తమ్మ అడిగిన రోజు నేను గోలీ ఇచ్చాను.