పంటికో ప్రాణమా?

చెల్లీ నాగలతా, నీ పన్ను నొప్పి తగ్గిందా, లేక పన్నే చచ్చిపోయిందా? కట్టుడు పంటి బ్రిడ్జి కోసం అరగదీసిన పన్ను చల్లనీళ్లకు జివ్వుమనడం మానేసిందని నువ్వంటే, దేవుడి దయ అని జమ్మలమడుగు భజనలో కూడా చాటాను.

ఇక్కడి దంత కళాశాలలో నీకు ఆ బ్రిడ్జి వేసిన విద్యార్థిని వర్షితకు ఆ మాటే చెబితే అదిరిపడింది.

"జివ్వుమంటాంటేనే పన్ను బతికుండాదని లెక్క, స్వామీ! ఉలుకూ పలుకూ లేకుంటే లోపల నరం సచ్చిపోయింటాది. చీము పడ్తాది. యాడుంది ఆయమ్మ?"

దేహానికి ప్రాణం ఒకటేనని బోధించేవాణ్ని. పంటికో ప్రాణమా? ఏ శ్లోకం తిరగేసినా తేలడం లేదు.

చిగురు వాచిందా? నీ ఫోను ఎందుకు పలకడం లేదు? అమ్మకు దండాలు, పిల్లలకు ఆశీస్సులు. మేకలను కాటమయ్య మామకు అప్పగించి, కార్డు అందిన వెంటనే ప్రొద్దుటూరు బస్సెక్కు. రేపనకు, తల్లీ, ఈరోజే రా!