తలుపు లేని మంగమ్మకు నోటీసు

శ్రీమతి మంగమ్మ గారికి,
మార్కెట్ గోడ పక్క ఫుట్‌పాత్ మీద మీరు వేసుకున్న టార్పాలిన్ గుడిసెను తొలగించాల్సి ఉంది. నోటీసు ఇచ్చి, మీ వాదన విన్న తర్వాతే కదపాలని రూలు. మా సిబ్బంది మూడుసార్లు వచ్చారు. మీరు లేరు. మనిషి లేకపోతే నోటీసు తలుపుకి అంటించాలి. మీకు తలుపు లేదు. ఈ విషయమై వారంలోగా తెలియజేయగలరు.
ఇట్లు,
కోటేశ్వరరావు, ఆక్రమణల విభాగం

తా.క.: టీకొట్టులో ఇచ్చి వెళ్తున్న ఈ కాగితం ఉత్తరం మాత్రమే. నోటీసు అనుకోవద్దు.

కోటేశ్వరరావు గారికి మంగమ్మ దండాలు.
పొద్దున్నే నూజివీడు తోటల్లో కాయలు కొయ్యడానికి పోతానండి, అందుకే దొరకలేదు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. నీకు తలుపుందా అని అడిగినవాళ్లు లేరు. మీరు అడిగారు, కడుపు నిండిపోయిందండి. రోడ్డు వైపు పెట్టించండి చాలు.
మీ మేలు మరవని,
మంగమ్మ

తా.క.: గొళ్లెం లోపలివైపు ఉండాలండి.

మంగమ్మ గారికి,
మీరు పొరబడ్డారు. తలుపు మీకు కాదు, నోటీసుకి. మా రికార్డు రూము తలుపు ఊడదీసి పంపుతున్నాం. పని కాగానే తిరిగి ఇవ్వాలి.
ఇట్లు,
కోటేశ్వరరావు

తా.క.: గొళ్లెం లేదు. రికార్డు రూముకి ప్రస్తుతం దుప్పటి కట్టాం.

కోటేశ్వరరావు గారికి,
తలుపు బాగుందండి. నోటీసు చదివాను. పదిహేను రోజుల్లో నా మాట చెప్పుకోవచ్చట, చెప్తున్నాను. ఊరి బయటికి తోలేస్తే నాకు తోటల బస్సు అందదు. బస్సు అందకపోతే పని లేదు. దగ్గర్లో ఒక గది చూపించండి, నేనే మూట కట్టుకుని పోతాను. ఉత్తపుణ్యానికి లేపేస్తారేమోనని మాత్రం భయంగా ఉందండి.
ఇట్లు,
మంగమ్మ

తా.క.: నిన్న సర్వేవాళ్లు వచ్చి తలుపు మీద నంబరు వేసి, నా పేరు రాసుకుపోయారు. పక్క గుడిసె షాలోమికి తలుపు లేకపోయినా ఆమె పేరూ రాయించాను. మూడు వైపులా టార్పాలిన్ ఎత్తి రావచ్చు కదండీ, అయినా ఆమె ఇప్పుడు తలుపు తట్టే వస్తోంది.

మంగమ్మ గారికి,
మీ వాదన పైవాళ్లు విన్నారు. మీకూ షాలోమి గారికీ బస్టాండు వెనక గదులు కేటాయించారు. తాళాలు చేతికి ఇచ్చేవరకు మిమ్మల్ని ఎవరూ కదపకూడదని ఆర్డరు. నాకూ సంతోషంగా ఉంది.
ఇట్లు,
కోటేశ్వరరావు

తా.క.: ఒక చిక్కు వచ్చింది. తలుపు మీద మా ఆఫీసు ముద్ర ఉండడంతో, ఫుట్‌పాత్ ఆక్రమించింది మా ఆఫీసేనని సర్వేలో రాశారు. నోటీసు నా పేరునే వచ్చింది, కింద సంతకమూ నాదే. పదిహేను రోజుల్లో నా మాట చెప్పుకోవాలి. మీకు అనుభవం ఉంది కదా, కాస్త ఎలా రాయాలో చెప్పగలరు.